మణికట్టు ఎక్స్‌రే: చెయ్యి పెట్టే తీరులోనే ఉంది కిటుకు

వ్యాఖ్యాత: మన కోనసీమలో కొబ్బరి చెట్టు దిగుతూ జారినా, వరి గట్టు మీద కాలు తప్పినా ముందు చెయ్యే ఆనుతుంది. ఎక్స్‌రేలో విరగలేదంటారు, నొప్పేమో నెలలైనా వదలదు. ఎందుకంటారు డాక్టరు గారూ?

ఎముకల వైద్యుడు: మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయండి. వాటిలో స్కాఫాయిడ్, లూనేట్‌లను కలిపి పట్టుకునే లిగమెంటు తెగితే ఎముక విరగదు, సందు పెరుగుతుంది. మామూలుగా అది 2 మిల్లీమీటర్ల లోపే. 3 దాటితే అనుమానించాలి. కానీ చెయ్యి ఊరికే బల్ల మీద పరిచి తీస్తే, లిగమెంటు తెగినా సందు మామూలుగానే కనబడొచ్చు.

వ్యాఖ్యాత: మరి బయటపడేదెలాగండి?

రేడియోగ్రాఫర్: పిడికిలి బిగింపించాలండి. బిగిస్తే ముంజేతి కండరాలు లాగి, క్యాపిటేట్ ఎముక మేకు దిగినట్టు ఆ రెండింటి మధ్యకి నెట్టుకొస్తుంది. లిగమెంటు బాగుంటే సందు అలాగే ఉంటుంది, తెగితే విచ్చుకుంటుంది. నొప్పున్న మనిషి వేళ్లు ముడుస్తాడే గానీ బిగించడు. అందుకని రెండు చేతులకీ కలిపి ఒక పెన్సిలిచ్చి గట్టిగా పట్టుకోమంటాం. రెండు మణికట్లూ ఒకే ఫిల్ములో వస్తాయి. ఎక్స్‌పోజరు అయ్యేదాకా పట్టు సడలకూడదు, సడలితే ఆ ఫిల్ము దండగే.

వైద్యుడు: పక్కకి వంచడమూ ముఖ్యమే. చిటికెన వేలి వైపు వంచితే స్కాఫాయిడ్ పొడవుగా పరుచుకుంటుంది, దాని విరుగుళ్లు బాగా తెలుస్తాయి. బొటనవేలి వైపు వంచితే అదే ఎముక అరచేతి వైపు వాలి, పొట్టిగా, ఉంగరంలా కనబడుతుంది. అది సహజమే. చెయ్యి తిన్నగా ఉన్నప్పుడు కూడా ఉంగరం కనబడితే అప్పుడు ఆలోచించాలి.

వ్యాఖ్యాత: తిన్నగా అంటే ఎలాగ?

రేడియోగ్రాఫర్: భుజం, మోచెయ్యి, మణికట్టు ఒకే ఎత్తులో ఉండాలి. భుజం పక్కకి 90 డిగ్రీలు, మోచెయ్యి 90 డిగ్రీలు, అరచెయ్యి కిందకి. మధ్యవేలు ముంజేతితో ఒకే గీతలోకి రావాలి. మోచెయ్యి ఒంటికి ఆనించి అరచెయ్యి బోర్లా తిప్పితే ముంజెయ్యి మెలితిరిగి, అల్నా, అంటే ముంజేతిలో చిటికెన వేలి వైపుండే ఎముక, ఉన్నదానికంటే పొడవుగా కనబడుతుంది.

వ్యాఖ్యాత: సందు 3 ఉంటే ఆపరేషనేనా?

వైద్యుడు: తొందరొద్దండి. కొందరికి రెండు చేతులకీ ఆ సందు ఎక్కువే, దెబ్బతో పనిలేదు. అందుకే రెండో చెయ్యితో పోల్చాలి. పక్కనుంచి తీసిన ఫిల్ములో స్కాఫాయిడ్, లూనేట్‌ల మధ్య కోణం 30 నుంచి 60 డిగ్రీలుండాలి. 70 దాటితే లిగమెంటు మీద గట్టి అనుమానమే. ఆ ఫిల్ముకీ మణికట్టు తిన్నగా ఉండాలి, వంగితే కొలత చెల్లదు. అన్నీ బాగుండి, మణికట్టు వెనక నొక్కితే ఇంకా నొప్పుంటే ఎమ్మారై రాస్తాం.