800 మీటర్ల రన్‌వేల మీద నిలబడిన విమానయాన సంస్థ: నార్వే వీడెరో కథ

[తెరపై: నార్వే పటం. దక్షిణాన ఓస్లో, ఉత్తర తీరం కొసన మెహామ్న్ గుర్తులు]

ఓస్లో విమానాశ్రయంలోని పెద్ద రన్‌వే పొడవు 3,600 మీటర్లు. అదే దేశంలో, ఆర్కిటిక్ వలయానికి అవతల, సముద్రానికీ కొండకూ మధ్య ఇరుక్కున్న మెహామ్న్ వంటి ఊళ్లలో రన్‌వే దాదాపు 800 మీటర్లకే ముగిసిపోతుంది. ప్రపంచంలో అత్యధికంగా వాడే బోయింగ్ 737, ఎయిర్‌బస్ 320 వంటి జెట్ విమానాలు ప్రయాణికులతో ఇక్కడ దిగలేవు. అయినా ఇలాంటి ఊళ్లకు దశాబ్దాలుగా విమానాలు వస్తూనే ఉన్నాయి, వాటిలో అత్యధికం వీడెరో అనే ప్రాంతీయ సంస్థవే. ఈ సంస్థ ఏ విమానాలు కొన్నది, ఏ ఊళ్లకు వెళ్లింది, ఈనాడు ఏ చిక్కులో ఉన్నది అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు ఆ 800 మీటర్ల దగ్గరే మొదలవుతుందని నా అభిప్రాయం. ఈ వీడియోలో ఆ కోణం నుంచే వీడెరో చరిత్రను పరిశీలిద్దాం.

[తెరపై: 1930ల నాటి సీప్లేన్ ఫొటోలు]

విగ్గో వీడెరో అనే యువ పైలట్ కొందరు మిత్రులతో కలిసి 1934 ఫిబ్రవరిలో ఈ సంస్థను స్థాపించాడు. తొలినాళ్లలో నిర్ణీత సమయాల్లో నడిచే సర్వీసుల కంటే చేతికందిన పనులే ఎక్కువగా ఉండేవి. ప్రకటనల కోసం ఎగరడం, రోగులను ఆసుపత్రులకు చేర్చడం, పై నుంచి భూమిని ఫొటోలు తీయడం వాటిలో ముఖ్యమైనవి. ఆ ఫొటోల పనిలో సాధించిన నైపుణ్యమే విగ్గోను అంటార్కిటికాకు తీసుకువెళ్లింది. తిమింగలాల వేట వ్యాపారి లార్స్ క్రిస్టెన్‌సెన్ 1936–37లో జరిపిన యాత్రలో పాల్గొని, అప్పటికి పటాల్లో సరిగా లేని తీరాన్ని ఆయన ఆకాశం నుంచి చిత్రీకరించాడు. 1940లో జర్మనీ నార్వేను ఆక్రమించడంతో సంస్థ విమానాలు ఆగిపోయాయి, ఆ తర్వాత విగ్గోను కూడా జర్మన్లు నిర్బంధించారు.

యుద్ధం ముగిశాక వీడెరో దృష్టి ఉత్తరం వైపు మళ్లింది. నార్వే తీరమంతా ఫ్యోర్డులతో, అంటే కొండల నడుమ లోతుగా చొచ్చుకువచ్చిన సముద్రపు పాయలతో చీలి ఉంటుంది. ఎదురుగా కనిపించే ఊరికి రోడ్డు మీద వెళ్లాలంటే ఫ్యోర్డు చుట్టూ తిరిగి రావాలి, లేదా ఫెర్రీ కోసం వేచి ఉండాలి. దేశపు ప్రధాన రైలుమార్గం బూడో నగరంతోనే ఆగిపోతుంది. 1893లో మొదలైన హుర్టిగ్రుటెన్ తీర నౌకలే చాలా కాలం పాటు ఉత్తరాది ఊళ్లకు దిక్కు. రన్‌వేలు లేవు గనుక వీడెరో 1950లలో కెనడాలో తయారైన ఆటర్ సీప్లేన్లను తెచ్చి, నీటి మీదే దించుతూ ఆ ఊళ్లను కలిపింది.

విగ్గో కుమార్తె తూరీ వీడెరో కూడా పైలట్‌గా పనిచేసింది ఆ సీప్లేన్ల కాలంలోనే. ఆమె 1969లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి, పాశ్చాత్య దేశాల పెద్ద విమానయాన సంస్థలో పైలట్ అయిన తొలి మహిళగా పేరు పొందారు. ఈ కుటుంబం గురించి చెప్పుకునేటప్పుడు ఆమె పేరు చివరి వరుసలోకి పోకూడదు.

[తెరపై: శీతాకాలపు చీకటి, గడ్డకట్టిన నీరు]

సీప్లేన్‌కు తీరని లోపం ఒకటి ఉన్నది. నీటి మీద దిగాలంటే పైలట్‌కు వెలుతురు కావాలి, నీరు గడ్డకట్టకుండా ఉండాలి. ఉత్తర నార్వేలోనో నడి శీతాకాలంలో వారాల తరబడి సూర్యుడు ఉదయించడు. అంటే ఊళ్లకు విమానం అత్యవసరమయ్యే కాలంలోనే విమానం రాలేకపోయేది.

దీనికి నార్వే ప్రభుత్వం కనుగొన్న మార్గమే పొట్టి రన్‌వేల వ్యవస్థ. పెద్ద విమానాశ్రయాలను అన్నిచోట్లా కట్టడానికి చదునైన నేలా లేదు, అంత డబ్బు వెచ్చించడానికి తగినంత జనాభా లేదు. అందువల్ల దాదాపు 800 మీటర్ల రన్‌వే, ఒక చిన్న టెర్మినల్, అవసరమైన దీపాలతో సరిపెట్టి, అలాంటివి ఎక్కువ ఊళ్లలో నిర్మించాలని సంకల్పించారు. 1968 జూలైలో బ్రొన్నొయ్‌సుంద్, సాండ్‌నెస్‌షోయెన్, మో ఇ రానా, నామ్‌సోస్‌లలో తొలి నాలుగూ ప్రయోగాత్మకంగా ప్రారంభమయ్యాయి. ప్రయోగం ఫలించింది. 1970లలో లోఫోటెన్ దీవుల్లోని లెక్నెస్, స్వోల్వేర్ మొదలుకొని రష్యా సరిహద్దు దిశగా ఉన్న ఫిన్‌మార్క్ ప్రాంతంలోని హామర్‌ఫెస్ట్, మెహామ్న్, బెర్లెవోగ్, వాడ్సో వరకు, పశ్చిమ తీరంలో సోగ్న్‌దాల్, సాండానె వంటి చోట్ల కూడా ఇవి వెలిశాయి. కొద్ది ఊళ్లకు గొప్ప విమానాశ్రయాలు ఇవ్వడం కంటే అనేక ఊళ్లకు సరిపడేవి ఇవ్వడమే మేలని తీసుకున్న ఆ నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతున్నాను, అయితే దాని భారం ఆ తర్వాత విమానాల మీద పడింది.

[తెరపై: ట్విన్ ఆటర్, డాష్ 7, డాష్ 8 బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి]

పొట్టి రన్‌వే మీద దిగడం ఎలా సాధ్యమవుతుందో ఇక్కడ కాస్త నిలిచి చూద్దాం. విమానం ఎంత నెమ్మదిగా నేలను తాకితే అంత తక్కువ దూరంలో ఆగుతుంది. కానీ వేగం తగ్గేకొద్దీ రెక్కలు దాన్ని గాలిలో నిలిపి ఉంచే శక్తి కూడా తగ్గిపోతుంది. అందువల్ల తక్కువ వేగంలోనూ చాలినంత బలాన్నిచ్చే రెక్కలు కావాలి. పెద్ద జెట్ విమానాల రెక్కలు అధిక వేగానికి అనువుగా వెనక్కి వాలి ఉంటాయి. 1968లో వీడెరో ఎంచుకున్న ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం రెక్కలు వెనక్కి వాలకుండా తిన్నగా, పొడవుగా ఉండి, వెనుక అంచు పొడవునా కిందికి వంగే ఫ్లాప్‌లతో నెమ్మదైన ప్రయాణానికి తగినట్లు ఉంటాయి. పైగా ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని తిప్పి, నేల తాకిన మరుక్షణమే గాలిని ముందుకు నెట్టించి విమానాన్ని నిలువరించవచ్చు. అందులో పట్టేది సుమారు 19 మంది.

ప్రయాణికులు పెరగడంతో 1980ల ఆరంభంలో డాష్ 7 వచ్చింది. అది సుమారు 50 మంది పట్టే, నాలుగు ఇంజిన్ల విమానం. నాలుగు ప్రొపెల్లర్లు తోసే గాలి నేరుగా రెక్కల మీదుగా, ఫ్లాప్‌ల మీదుగా పోతుంది కాబట్టి, విమానం నెమ్మదించినా రెక్కలకు గాలి అందుతూనే ఉంటుంది. అద్భుతమైన రూపకల్పనే అయినా నాలుగు ఇంజిన్ల నిర్వహణ ఖర్చు తక్కువేమీ కాదు. 1993 నుంచి వచ్చిన 39 సీట్ల డాష్ 8-100 రెండే ఇంజిన్లతో అవే రన్‌వేల మీద దిగగలిగింది. కొన్నేళ్లలోనే అది ట్విన్ ఆటర్‌నూ డాష్ 7నూ పక్కకు తప్పించింది.

[తెరపై: నల్లని నేపథ్యం, నాలుగు ఊళ్ల పేర్లు, సంవత్సరాలు]

ఈ చరిత్రలో విషాదాలను దాటవేయకూడదు. 1982లో మెహామ్న్ సమీపంలో ట్విన్ ఆటర్ సముద్రంలో కూలి 15 మంది, 1988లో బ్రొన్నొయ్‌సుంద్ వైపు వస్తున్న డాష్ 7 టోర్గ్‌హాటెన్ కొండను ఢీకొని 36 మంది మరణించారు. 1990లో వైరోయ్ దీవి నుంచి బయలుదేరిన ట్విన్ ఆటర్ తీవ్రమైన గాలులకు కూలిపోయి ఐదుగురు, 1993లో నామ్‌సోస్ దగ్గర జరిగిన ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. వైరోయ్ విమానాశ్రయాన్ని ఆ తర్వాత మూసివేశారు; ఇప్పుడు ఆ దీవికి హెలికాప్టర్ వెళుతుంది. కొండల మధ్య చీకట్లో దిగుతున్న పైలట్‌కు తాను ఎంత ఎత్తులో ఉండాలో కచ్చితంగా తెలియజేసే ఉపగ్రహ ఆధారిత మార్గదర్శక పరికరాలను 2007 నుంచి పొట్టి రన్‌వేల దగ్గర నెలకొల్పడానికి ఈ అనుభవాలే ప్రేరణ.

[తెరపై: ట్రోమ్సో నుంచి కిర్కెనెస్ దాకా, మజిలీలతో మార్గం]

మార్గాల విషయానికి వస్తే, ఫిన్‌మార్క్‌లో ఒకే విమానం ఒక ఊరి తర్వాత మరో ఊరిలో దిగుతూ, కొందరిని దించి కొందరిని ఎక్కించుకుంటూ సాగడం పరిపాటి. వారిలో ట్రోమ్సో, బూడో ఆసుపత్రులకు వెళ్లే రోగులు ఎప్పుడూ ఉంటారు. ఇలాంటి మార్గాల్లో టికెట్ల డబ్బుతో ఖర్చు గిట్టదు. అందుకే 1997 నుంచి ప్రభుత్వం టెండర్లు పిలుస్తున్నది: రోజుకు ఎన్ని సర్వీసులు ఉండాలో, ఎన్ని సీట్లు ఇవ్వాలో, గరిష్ఠ చార్జీ ఎంతో ముందుగానే నిర్ణయించి, తక్కువ సబ్సిడీ అడిగిన సంస్థకు కొన్నేళ్ల పాటు ఆ మార్గంపై ఏకైక హక్కు ఇస్తుంది. పొట్టి రన్‌వేలకు తగిన విమానాలు చేతిలో ఉండడం వల్ల వాటిలో ఎక్కువ భాగం వీడెరోకే దక్కుతూ వచ్చాయి. వీటికి తోడు నగరాల మధ్య సబ్సిడీ లేని సొంత మార్గాలు కూడా ఉన్నాయి. వాటి కోసమే 50 సీట్ల డాష్ 8-300, 78 సీట్ల డాష్ 8-400 విమానాలను చేర్చుకున్నది. 2018 ఏప్రిల్‌లో బ్రెజిల్‌లో తయారైన ఎంబ్రాయర్ 190-ఈ2 జెట్‌ను ప్రపంచంలోనే మొదటగా నడిపింది కూడా వీడెరోయే. ఆ జెట్ బెర్గెన్, ట్రోమ్సో వంటి పెద్ద రన్‌వేల మధ్య తిరుగుతుంది గాని మెహామ్న్‌కు వెళ్లలేదు.

యాజమాన్యం పలుమార్లు మారింది. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ చేతిలో కొన్నేళ్లు ఉండి, 2013లో పెట్టుబడిదారుల బృందానికి వెళ్లి, 2024 జనవరిలో 112.5 కోట్ల నార్వే క్రోనులకు ‘నార్వేజియన్’ అనే విమానయాన సంస్థ సొంతమైంది. పేరూ, బూడోలోని ప్రధాన కార్యాలయమూ అలాగే ఉన్నాయి.

[తెరపై: మరమ్మతు శాలలో డాష్ 8-100]

అసలు చిక్కు విమానాల వయస్సుది. డాష్ 8లో చిన్న రకాల తయారీ 2009 నాటికే పూర్తిగా ఆగిపోయింది. ఒక్కో మజిలీ కొద్ది నిమిషాల ప్రయాణమే కాబట్టి వీడెరో విమానాలు రోజుకు అనేకసార్లు ఎగిరి దిగుతాయి, లోహం మీద ఒత్తిడి ఆ లెక్కనే పేరుకుంటుంది. అందుకే విడిభాగాలు మార్చి, నిర్మాణాన్ని పటిష్ఠపరిచి, 80,000 సార్లుగా ఉన్న పరిమితిని 1,20,000కు పెంచే తయారీదారు కార్యక్రమంలో వీడెరో ముందు నిలిచింది. ఇటలీ సంస్థ టెక్నామ్‌తో కలిసి తొమ్మిది సీట్ల విద్యుత్ విమానాన్ని నడపాలని 2021లో ప్రకటించినా, బ్యాటరీలు త్వరగా అరిగిపోతాయన్న లెక్క తేలడంతో 2023లో టెక్నామ్ ఆ పనిని నిలిపివేసింది. సరిగ్గా 800 మీటర్ల రన్‌వే కోసమే ఏటీఆర్ సంస్థ రూపొందిస్తున్న 42-600ఎస్ రకాన్ని కూడా 2024లో విరమించుకున్నది. మో ఇ రానాలో పెద్ద రన్‌వేతో కొత్త విమానాశ్రయం నిర్మాణంలో ఉన్నది. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండ ఉన్న ఊళ్లలో మాత్రం రన్‌వే పొడిగించడం అంత తేలిక కాదు గనుక, పునరుద్ధరించిన డాష్ 8-100లతోనే వీడెరో ఆ మార్గాలను నడుపుతున్నది.