ఒకే కారు, రెండు స్టీరింగ్‌లు: అమెరికా పల్లె పోస్ట్‌మ్యాన్ బండి ఇలా నడుస్తుంది

తెర మీద: పల్లె రోడ్డు పక్కన గుంజకు బిగించిన పోస్టు డబ్బా. కారు వచ్చి ఆగుతుంది. కుడి కిటికీలోంచి ఒక చెయ్యి డబ్బా మూత తీస్తుంది.

ఇది అమెరికా. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున వెళ్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మరి ఈయన కుడి సీట్లో కూర్చుని ఏం చేస్తున్నాడు? కారు నడుపుతున్నాడు. లోపలికి చూడండి, ఎడమవైపు ఒక స్టీరింగ్, కుడివైపు ఇంకొకటి.

అమెరికా పల్లెల్లో ఇళ్లకే ఉత్తరాలు చేర్చడం 1896 అక్టోబరు 1న వెస్ట్ వర్జీనియాలో మొదలైంది. అప్పట్లో గుర్రం, బండి పోస్ట్‌మ్యాన్‌వే. ఇప్పటికీ చాలా రూట్లలో కారు ఆయన సొంతమే, తపాలా శాఖ భత్యం ఇస్తుంది. డబ్బా రోడ్డు నుంచి 41–45 అంగుళాల ఎత్తులో ఉండాలి. కారులోంచి చెయ్యి చాపితే అందాలని ఆ లెక్క. కానీ డబ్బా ఉండేది కుడివైపు, డ్రైవరు ఎడమవైపు.

అందుకని చాలామంది కుడివైపుకి జరిగి కూర్చుంటారు. ఎడమ కాలు అడ్డంగా చాపి బ్రేకు తొక్కుతారు, ఎడమ చేత్తో స్టీరింగ్ తిప్పుతారు, కుడి చేత్తో ఉత్తరాలు వేస్తారు. రోజూ వందల డబ్బాల దగ్గర ఆగాలి, మళ్లీ కదలాలి. ఏళ్ల తరబడి ఇలా మెలిక తిరిగి కూర్చుంటే ఆ నడుము ఏమైపోవాలి! రెండో స్టీరింగ్ పుట్టింది ఈ బాధలోంచే.

తెర మీద: రెండు స్టీరింగ్‌లనూ కలిపే బెల్టు బొమ్మ.

పని తీరు సైకిల్ చైను లాంటిదే. అసలు స్టీరింగ్ దగ్గర ఒక పుల్లీ, కుడివైపు స్టీరింగ్‌కు అదే సైజు పుల్లీ, రెంటినీ కలుపుతూ ఒక బెల్టు. కుడివైపు ఒక చుట్టు తిప్పితే ఎడమవైపూ అదే దిక్కున ఒక చుట్టు తిరుగుతుంది. బ్రేకు, యాక్సిలరేటర్ పెడల్స్‌ను రాడ్లతోనో కేబుళ్లతోనో అటూ ఇటూ కలుపుతారు. ఈ పనికి ఆటోమేటిక్ గేరు కారే సుఖం.

ఇక్కడ ఒక సంగతి బాగా పట్టుకోవాలి. టైర్లను తిప్పేది ఇప్పటికీ ఎడమ స్టీరింగే. కుడివైపుది దాన్ని తిప్పే పిడి మాత్రమే. బెల్టు తెగిందా, కుడి సీట్లో ఉన్న మనిషి చేతిలో చక్రం ఊరికే తిరుగుతుంది. అందుకే బెల్టు బిగువు, అరుగుదల తరచూ చూసుకోవాల్సిందే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఎయిర్‌బ్యాగ్. కుడివైపు ఎయిర్‌బ్యాగ్ ముందు స్టీరింగ్ బిగిస్తే, అది విచ్చుకున్నప్పుడు ఆ స్టీరింగే మనిషి మీదికి రావచ్చు. ఎయిర్‌బ్యాగ్‌ను పనిచేయకుండా చేస్తే, రోజంతా రోడ్డు మీద ఉండే మనిషికి ఆ రక్షణే పోతుంది. డబ్బు పెట్టగలిగితే ఫ్యాక్టరీలోనే కుడి స్టీరింగ్‌తో తయారైన జీప్ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. జపాన్ కార్లకూ స్టీరింగ్ కుడివైపే, 25 ఏళ్లు దాటిన వాటిని దిగుమతి చేసుకునే దారి కూడా అక్కడ ఉంది.

తెర మీద: ఎల్ బోర్డు కారు, శిక్షకుడి కాళ్ల దగ్గర అదనపు పెడల్స్.

మన డ్రైవింగ్ స్కూల్ కారు గుర్తొచ్చిందా? కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 24వ నియమం ప్రకారం, బండిని అదుపు చేయడానికో ఆపడానికో శిక్షకుడి వైపు కూడా ఏర్పాటు ఉండాలి. మామూలుగా కనిపించేవి క్లచ్, బ్రేకు పెడల్సే, రెండో స్టీరింగ్ ఉండదు. నేర్చుకునేవాళ్లు తడబడితే పక్కనుంచి చెయ్యి చాపి స్టీరింగ్ పట్టుకోవచ్చు కదా. పోస్ట్‌మ్యాన్ పక్కన అలా పట్టుకోవడానికి ఎవరూ ఉండరు.

పాత స్టీరింగ్‌ను మాత్రం అలాగే ఉంచుతారు. రూటు పూర్తయ్యాక ఆయన ఎడమ సీట్లోకి మారి, అదే కారులో ఇంటికి వెళ్లాలి.