ఆన్ చేయగానే వచ్చే వైరస్ అలర్ట్ అసలు ఎవరిది?

కంప్యూటర్ ఆన్ చేశారు. డెస్క్‌టాప్ పూర్తిగా రాకముందే కుడివైపు కింద మూలన ఒక బాక్స్: 'మీ పీసీలో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యూ చేయండి.' బ్రౌజర్ తెరిస్తే మీరెప్పుడూ పెట్టుకోని సెర్చ్ పేజీ. దానికి కారణమైన ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) తీసేస్తే మర్నాటికి మళ్లీ హాజరు. విసుగొచ్చి చాలామంది విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టిస్తారు. అంతదూరం పోయే ముందు, ఆ అలర్ట్ ఎవరు పంపుతున్నారో చూద్దాం.

బాక్స్‌ను నొక్కకండి, చదవండి. పైన ఎంత పెద్ద యాంటీవైరస్ లోగో ఉన్నా సరే, పక్కన చిన్న అక్షరాల్లో క్రోమ్ అనో ఎడ్జ్ అనో, ఏదో తెలియని వెబ్‌సైట్ అడ్రస్సో కనిపిస్తే అది యాంటీవైరస్ కాదు. ఒక సైట్ పంపిన నోటిఫికేషన్, అంతే. 'మీరు రోబో కాదని తేలాలంటే అలౌ నొక్కండి' అని అడిగిన సైట్‌లో ఎప్పుడో అలౌ నొక్కి ఉంటారు. బ్రౌజర్ బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తుంటే, దాని విండో తెరవకపోయినా ఇవి వస్తూనే ఉంటాయి. స్కాన్ చేస్తే ఏమీ దొరకదు. దొరకడానికి అక్కడ ఫైలే లేదు, మీరిచ్చిన పర్మిషన్ మాత్రమే ఉంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అలౌ లిస్టులో తెలియని పేర్లన్నీ తీసేయండి.

అలర్ట్‌లో ఫోన్ నంబర్ ఉందా? ఇక ఆలోచించక్కర్లేదు, మోసమే. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఇవ్వదు. స్క్రీన్ మొత్తం ఆక్రమించి కదలనివ్వకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎండ్ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయమంటారా అంటే వద్దనండి.

కొన్నిసార్లు అలర్ట్ నిజమైన యాంటీవైరస్‌దే, కానీ లాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ అయిపోయి డబ్బు అడుగుతూ ఉంటుంది. వద్దనుకుంటే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. అది పోగానే విండోస్‌లోని డిఫెండర్ మామూలుగా తనంతట తానే ఆన్ అవుతుంది. ఒకసారి విండోస్ సెక్యూరిటీ తెరిచి నిర్ధారించుకోండి.

ఇంకో రకం ఉంది, జనాన్ని బాగా టెన్షన్ పెట్టేది. క్లీన్ చేశాక ప్రతిసారీ 'రన్‌డీఎల్ఎల్, మాడ్యూల్ దొరకలేదు' అని వస్తుంది. చాలాసార్లు ఇది కొత్త వైరస్ కాదు. యాంటీవైరస్ ఫైల్‌ను తీసేసింది, స్టార్టప్‌లో ఆ ఫైల్‌ను పిలిచే ఎంట్రీ మిగిలిపోయింది. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో ఆ ఎంట్రీని డిసేబుల్ చేయండి. అక్కడ లేకపోతే, అనుకున్న వేళకు ప్రోగ్రామ్‌లను నడిపే విండోస్ టూల్ టాస్క్ షెడ్యూలర్‌లో వెతకండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే టూల్‌లో ఈ రెండూ ఒకేచోట కనిపిస్తాయి. కాకపోతే అందులో తెలియనిదల్లా తీసేస్తే విండోసే మొరాయిస్తుంది, జాగ్రత్త.

ఇక తీసినా తిరిగొచ్చే ఎక్స్‌టెన్షన్. ముందు సింక్‌ను అనుమానించండి: ఇంకో కంప్యూటర్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి, అక్కడ అది ఇంకా ఉంటే ఇక్కడికీ వచ్చేస్తుంది. అసలు రిమూవ్ బటనే పనిచేయకపోతే క్రోమ్ మెనూ చివర చూడండి. సొంత కంప్యూటర్‌లో 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఉందా? ఏదో ప్రోగ్రామ్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్స్ ఉండే చోటు) పాలసీ, అంటే బ్రౌజర్ తప్పక పాటించే రూల్, రాసి ఉండొచ్చు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా అలా రాస్తాయి కాబట్టి కంగారొద్దు. ముందు ఇన్‌స్టాల్డ్ యాప్స్‌ను తేదీల వారీగా పెట్టి, గోల మొదలైన రోజుల్లో వచ్చిన ప్రోగ్రామ్‌ను తీసేయండి, ఆ తర్వాతే ఎక్స్‌టెన్షన్‌ను. వరుస తిరగేస్తే ఆ ప్రోగ్రామ్ దాన్ని మళ్లీ తెచ్చిపెడుతుంది.

ఇలాంటివి ఎక్కువగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లతో అంటుకొస్తాయి. ఊరూపేరూ లేని కంపెనీలే ఇలా చేస్తాయని కాదు. జావా అప్‌డేట్‌తో ఆస్క్ టూల్‌బార్ (బ్రౌజర్‌లో చేరే సెర్చ్ పట్టీ) వచ్చిన రోజులు గుర్తున్నాయా? దాని పాత వెర్షన్లను 2015లో మైక్రోసాఫ్ట్ అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా ప్రకటించింది. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ కింద, అవాంఛిత యాప్‌లను అడ్డుకునే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

తీసేసిన ఎక్స్‌టెన్షన్‌కు అన్ని వెబ్‌సైట్లలో డేటా చదివే పర్మిషన్ ఉండి ఉంటే, క్లీనింగ్ అయ్యాక మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చండి. అన్ని డివైస్‌ల నుంచీ లాగౌట్ కూడా కొట్టండి, ఎందుకంటే పాస్‌వర్డ్ మార్చినా పాత లాగిన్ కొన్ని సైట్లలో ఇంకా తెరిచే ఉంటుంది.