అమ్మమ్మకు తెల్లవారుజాము, మాకు రాత్రి: పెన్సిల్వేనియాలో మా ఇంటి కుటుంబ ప్రార్థన

అందరికీ వందనాలు. ఇవాళ నవంబరు మొదటి ఆదివారం. ఇక్కడ సాయంత్రం ఐదున్నర దాటింది, కిటికీ బయట చూడండి, పూర్తిగా చీకటి. నిన్న ఇదే వేళకి పిల్లలు ఇంటి ముందు సైకిల్ తొక్కుతున్నారు. ఒక్క రోజులో ఇంత తేడా ఎందుకొచ్చిందో చెప్తాను, ఎందుకంటే ఈ వీడియో అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

గుంటూరులో మా పిన్ని, మా చర్చి స్త్రీల సమాజంలో ఆంటీలు చాలా రోజుల నుంచి ఒకటే అడుగుతున్నారు. "అక్కడ పిల్లలతో ప్రార్థన చేయిస్తున్నావా? వాక్యం తెలుగులో చదువుతారా, ఇంగ్లీషులోనా?" అని. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే మా ఇంట్లో ఒక సాయంత్రం ఎలా గడుస్తుందో చూపించేద్దామని కెమెరా తీశాను. కొంచెం కదులుతుంటే ఏమీ అనుకోకండి, పట్టుకున్నది మా చిన్నోడు. వాడికి ఆరేళ్ళు.

ఇక గడియారం సంగతి. అమెరికాలో చాలా చోట్ల ఏడాదికి రెండుసార్లు టైం మారుస్తారు. మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి. శనివారం రాత్రి పడుకుంటాం, తెల్లారి లేచేసరికి ఫోన్‌లో టైం దానంతటదే మారిపోయి ఉంటుంది. పొయ్యి మీదున్న గడియారం, కారులోది మాత్రం మనమే మార్చుకోవాలి. మా తమ్ముడు ఉండే అరిజోనాలో ఈ గొడవ లేదు, ఆ రాష్ట్రంలో దాదాపు అంతటా ఒకే టైం ఏడాది పొడుగునా. వాడికి నా బాధ చెప్తే అర్థం కాదు.

నా బాధ ఏంటంటే, మా అమ్మ రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి ప్రార్థనకి కూర్చుంటుంది. ఎండాకాలంలో అది మాకు రాత్రి ఎనిమిది. ఆవిడ పొద్దుటి ప్రార్థన, మా రాత్రి ప్రార్థన వీడియో కాల్‌లో ఒకటే అయిపోతుంది. ఆవిడ రోజు మొదలవుతుంటే మాది ముగుస్తుంటుంది. పోయిన సంవత్సరం ఇదే ఆదివారం మేం అలవాటు ప్రకారం ఎనిమిదికి ఫోన్ చేశాం. అక్కడ అప్పటికి ఆరున్నర. అమ్మ ఐదున్నర నుంచి బైబిల్ ఒళ్ళో పెట్టుకుని ఫోన్ ముందు కూర్చునే ఉంది. పక్కన కాఫీ గ్లాసు, చల్లారిపోయి. కుళాయి నీళ్ళు వచ్చే టైం కూడా దాటిపోతోంది, అయినా లేవలేదు. మమ్మల్ని చూసి "వచ్చారా" అంది. ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న పోయాక ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. పొద్దున్నే ఆవిడకి వినిపించే మొదటి గొంతులు మా పిల్లలవి.

అందుకే ఈసారి నెల ముందు నుంచే క్యాలెండర్‌లో రాసుకున్నాను. ఈ రోజు నుంచి మార్చి దాకా మా ప్రార్థన సాయంత్రం ఏడుకి. మంగళవారం పాప ఈత క్లాసు ఏడింటి దాకా ఉంటుంది కాబట్టి ఆ రోజు కారులోనే, పార్కింగ్‌లో హీటర్ వేసుకుని చేసుకుంటాం. ఎక్కడ కూర్చున్నా పర్వాలేదు, అమ్మని మాత్రం ఇంకోసారి కూర్చోబెట్టను.

సరే, హాల్లోకి రండి. ఇదే మా చాప. ఇండియన్ స్టోర్‌లో 28 డాలర్లు పెట్టి కొన్నాను. డాలరు 85 అనుకున్నా 2,380 రూపాయలు! మన బజార్లో అయితే ఆ డబ్బుకి ఇంటికంతా చాపలొస్తాయి. మా ఆయన "సోఫా ఉండగా చాపెందుకు" అన్నారు. నాకు కావాలి. గుంటూరులో మా ఇంట్లో ప్రార్థన కూటం అంటే వరండా దాకా చాపలు పరిచేవాళ్ళం, పక్క వీధి వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు, చెప్పులు గేటు దాకా ఉండేవి. ఇక్కడ చాప వేస్తే కూర్చునేది నలుగురమే. అయినా వేస్తాను.

ఈ బైబిల్ మా తాతయ్యది. మొదటి పేజీల్లో చూడండి, ఆయన చేతిరాత. మా అమ్మ పుట్టిన తేదీ, మావయ్యలవి, నాది. కింద మా ఇద్దరు పిల్లలవి నేను రాశాను. మా అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. గుంటూరు వాళ్ళకి ఆ పేరు చెప్పక్కర్లేదు. కానీ ఆ ఆసుపత్రి పెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ పుట్టిన ఊరు ఆర్డ్‌మోర్ అని, అది మా ఇంటికి కారులో అరగంట కూడా పట్టదని ఇక్కడికొచ్చిన రెండేళ్ళకి గానీ నాకు తెలియలేదు! ఫిలడెల్ఫియాలో డాక్టరు చదివి, 1883లో గుంటూరు వచ్చారావిడ. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో అక్కడే కన్నుమూశారు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్‌ని పంపింది కూడా ఈ పెన్సిల్వేనియా లూథరన్ సంఘం వాళ్ళే. ఆర్డ్‌మోర్ స్టేషన్ దగ్గర నిలబడి అమ్మకి వీడియో కాల్ చేశాను. "ఆ తల్లి ఇల్లు వదిలి మన ఊరొచ్చింది, నువ్వు మన ఊరు వదిలి ఆ తల్లి ఊరికెళ్ళావు" అంది. నాకు మాట రాలేదు.

ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో వెళ్ళాను. కొన్ని వారాలుగా పిల్లలకి కంఠత వాక్యం 23వ కీర్తన. చర్చిలో సండే స్కూల్ ఇంగ్లీషులో జరుగుతుంది, టీచర్లు చాలా ప్రేమగా చెప్తారు. అక్కడ పాప పాత ఇంగ్లీషు బైబిల్లో మొదటి వచనం నేర్చుకుని వచ్చింది. "ఐ షల్ నాట్ వాంట్" అని ఉంటుంది కదా, ఆ పాత ఇంగ్లీషులో వాంట్ అంటే కొరత పడటం. తొమ్మిదేళ్ళ పిల్ల, వాంట్ అంటే కావాలి అనుకుంది. ఇంటికొచ్చి చాలా సీరియస్‌గా అడిగింది, "అమ్మా, దేవుడు కాపరి అని చెప్పి, వెంటనే నాకు వద్దు అంటాడేంటి?" అని.

నేను ఇంగ్లీషులో ఏమీ వివరించలేదు. తాతయ్య బైబిల్ తీసి తెలుగులో చదివాను. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." అనుమానానికి చోటే లేదు. కానీ దానికి లేమి అన్న మాట తెలియదు. ఆ రాత్రి కాల్‌లో అమ్మమ్మని అడిగింది. అమ్మ వెంటనే "కలిమిలేములు కావడి కుండలమ్మా" అంది. ఇప్పుడు కావడి అంటే ఏంటి? మా ఆయన లేచి గది తుడిచే కర్ర తెచ్చారు. ఇక్కడ పాలు గాలన్ డబ్బాల్లో వస్తాయి, ఒక్కోటి నాలుగు లీటర్లకి కాస్త తక్కువ. నిండు డబ్బా ఒక చివర, ఖాళీ డబ్బా ఇంకో చివర తగిలించి భుజాన పెట్టుకుని హాలంతా నడిచారు. కర్ర నిండు డబ్బా వైపుకి ఒరిగిపోతుంటే పిల్లలు ఒకటే నవ్వు. పాప ఖాళీ డబ్బా పట్టుకుని "ఇది లేమి" అంది. ఆ మాట ఇంక జన్మలో మర్చిపోదు.

చిన్నోడికి నచ్చింది "దుడ్డుకఱ్ఱ". "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" అని గొంతు చించుకుని చెప్తాడు. మంచు ఎత్తే పార కూడా వాడికి దుడ్డుకఱ్ఱే. పుస్తకంలో బండి 'ఱ' చూపిస్తే దాని మీద వేలు పెట్టి దిద్దుతాడు. "పరుండజేయుచున్నాడు" లాంటి మాటలు మేం ఇంట్లో ఎప్పుడూ మాట్లాడం. చాలామంది "పిల్లలకి ఆ పాత తెలుగు ఎందుకు, వాడుక భాషలో ఉన్న బైబిల్ ఇవ్వొచ్చు కదా" అంటారు. అర్థం చెప్పేటప్పుడు నేనూ మామూలు మాటల్లోనే చెప్తాను. కానీ కంఠతా పట్టేది మాత్రం అమ్మమ్మ పట్టిన మాటల్లోనే పట్టాలని నా పట్టుదల. అమ్మ అక్కడ సగం చెప్తే వీళ్ళు ఇక్కడ మిగతా సగం అందుకోవాలి. మాటలు వేరైతే అది కుదరదు.

పోయిన నెల లాంకాస్టర్ వైపు వెళ్ళాం, గొర్రెల్ని చూపిద్దామని. అక్కడ ఆమిష్ అనే క్రైస్తవులు ఉంటారు, గుర్రపు బగ్గీల్లో తిరుగుతారు. ఫోటోలు తీయించుకోవడం వాళ్ళకి ఇష్టం ఉండదు, అందుకని ఆ రోజు కెమెరా కారులోనే వదిలేశాను. వాళ్ళకి మామూలుగా చర్చి భవనం ఉండదు. వారం విడిచి వారం ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో ఆరాధన. కూర్చునే బల్లల్ని బండిలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీసుకెళ్తారు. బయటి వాళ్ళతో ఇంగ్లీషు, ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ అనే తమ జర్మన్ యాస, బైబిల్ మాత్రం పాత జర్మన్‌లో. దాదాపు 300 ఏళ్ళ నుంచి ఈ గడ్డ మీద ఉంటూ అలా నిలబెట్టుకున్నారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

గొర్రెల దగ్గర పాపకి ఇంకో అనుమానం వచ్చింది. గుంటూరు వెళ్ళినప్పుడు రోడ్డుకి అడ్డంగా మంద, వెనక కర్ర పట్టుకున్న మనిషి, బస్సు ఆగిపోవడం, అన్నీ చూసింది. ఇక్కడేమో చుట్టూ ఫెన్స్, లోపల గొర్రెలు, మనిషే కనపడలేదు. "ఫెన్స్ ఉంటే కాపరి ఎందుకు?" నేను తడుముకున్నాను. రాత్రి అమ్మమ్మకి అదే ప్రశ్న. అమ్మ కాసేపు ఆలోచించి, "కంచె తప్పిపోయిన గొర్రెని వెతుక్కుంటూ పోదు కదమ్మా" అంది. అని లూకా 15 తీయమంది. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే తొంభైతొమ్మిదింటిని విడిచి ఆ ఒక్కదాని కోసం వెళ్ళిన మనిషి కథ. చిన్నోడు "దొరికిందా?" అని మూడుసార్లు అడిగాడు. దొరికాక భుజాల మీద వేసుకుని తెచ్చాడని చెప్పేదాకా ఊరుకోలేదు.

ఆరు యాభై అయింది. పాట గురించి ఒక్కమాట చెప్పి మొదలుపెడతాం. వీడియో కాల్‌లో కలిసి పాడటం కుదరదు. మన గొంతు అక్కడికి చేరేసరికి ఒక క్షణం ఆలస్యం, వాళ్ళది మనకి చేరేసరికి ఇంకో క్షణం. మొదట్లో అందరం ఒకేసారి పాడితే అంతా గందరగోళం. పాప చూపించింది దారి, పల్లవి మేము, చరణం అమ్మమ్మ. ఆవిడ పాడేటప్పుడు మేం మైకు ఆపేస్తాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. అమ్మకి సంగీతం ఎవరూ నేర్పలేదు, అయినా వాళ్ళమ్మ దగ్గర విన్న వరస ఒక్కటి కూడా తప్పదు. పాప అది విని పియానో మీద వెతుక్కుంటోంది. కొన్ని స్వరాలు ఆ మీటల్లో దొరకట్లేదని కంప్లైంట్.

ఏడు. కాల్ కలిసింది. అదిగో అమ్మ, చీర చెంగు తల మీద వేసుకుని. వెనకాల కిటికీలో ఇంకా చీకటే. మా కిటికీలో కూడా చీకటే. కాఫీ గ్లాసులోంచి పొగలొస్తున్నాయి, చూశారా?

"వందనాలు అమ్మమ్మా, ఈసారి కరెక్ట్ టైం!" చిన్నోడు అరిచాడు.

"వందనాలు నాన్నా. నేను ఇప్పుడే కూర్చున్నాను."

కెమెరా ఆపేస్తున్నాను, ఇక ప్రార్థన.