ఫోన్-ఇన్: ఇంటర్ కెమిస్ట్రీ సందేహాలు – రెండు 142లు

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ తీసుకుందాం. హలో, ఎక్కడి నుంచమ్మా?

శ్రోత: తెనాలి నుంచి మేడమ్. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ.

వ్యాఖ్యాత: సార్ వింటున్నారు, అడుగు.

శ్రోత: నమస్తే సార్. 1.24 గ్రాముల ఫాస్ఫరస్‌ని 2 గ్రాముల ఆక్సిజన్‌లో మండిస్తే, ఫాస్ఫరస్ అంతా అయిపోయి 0.40 గ్రాముల ఆక్సిజన్ మిగిలింది. వచ్చిన ఆక్సైడ్ బాష్ప సాంద్రత 142. అణు ఫార్ములా కనుక్కోవాలి. నాకు పీ టూ ఓ ఫైవ్ వస్తోంది, పుస్తకం వెనక పీ ఫోర్ ఓ టెన్ అని ఉంది. మూడుసార్లు చేశాను సార్. రేపే స్లిప్ టెస్ట్, టెన్షన్‌గా ఉంది.

లెక్చరర్: కంగారు పడకు తల్లీ. రఫ్ నోట్స్ ముందు పెట్టుకుని మొదటి నుంచీ చదువు.

శ్రోత: మిగిలింది తీసేస్తే, కలిసిన ఆక్సిజన్ 1.60 గ్రాములు. ఫాస్ఫరస్ పరమాణు భారం 31, కాబట్టి 1.24 బై 31, అంటే 0.04 మోల్. ఆక్సిజన్ 1.60 బై 16, 0.10.

లెక్చరర్: బాగుంది. ఆక్సిజన్ వాయువు కదా అని ఇక్కడ 32తో భాగించేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఫార్ములాలో లెక్కపెట్టేది పరమాణువుల్ని కాబట్టి 16. తర్వాత?

శ్రోత: నిష్పత్తి 1:2.5. 3 అని రౌండ్ చేయబోయి ఆగాను. రెండుతో గుణిస్తే 2:5. పీ టూ ఓ ఫైవ్ భారం 142, బాష్ప సాంద్రతా 142. రెండూ కలిశాయని ఆపేశాను.

లెక్చరర్: ఆ ఒక్క చోటే జారావు. బాష్ప సాంద్రత అంటే, ఆ ఆవిరి హైడ్రోజన్ కన్నా ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె. హైడ్రోజన్ అణువు భారం 2. కాబట్టి మన ఆక్సైడ్ అణు భారం ఎంత?

శ్రోత: 142 ఇంటూ 2... 284. అయ్యో, అది రెండింతలు!

లెక్చరర్: అదీ! నువ్వు తీసిన పీ టూ ఓ ఫైవ్ తప్పు కాదు, అది అనుభావిక ఫార్ములా, అంటే పరమాణువుల నిష్పత్తిని మాత్రమే చూపేది. అణు భారం దానికి రెండింతలు కాబట్టి అణువు పీ ఫోర్ ఓ టెన్. బరువులు చెప్పేది నిష్పత్తి వరకే.

శ్రోత: కానీ సార్, ల్యాబ్‌లో సీసా మీద పెంటాక్సైడ్ అనే, అంటే ఐదు ఆక్సిజన్లనే ఉంటుంది.

లెక్చరర్: అనుభావిక ఫార్ములాను బట్టి పెట్టిన పాత పేరు, అలాగే ఉండిపోయింది. ఇంట్లో నానబెట్టిన శనగలుంటే నాలుగు తీసుకో, చీపురుపుల్ల ముక్కలు ఆరు. మూడు శనగల్ని త్రిభుజంగా గుచ్చి, నాలుగోదాన్ని మూడు పుల్లలతో పైన నిలబెట్టు. అది తెల్ల ఫాస్ఫరస్ అణువు, పీ ఫోర్. ఒక్కో పుల్ల మధ్యలో ఒక్కో ఆక్సిజన్ చేరితే ఆరు. ఆక్సిజన్ చాలనప్పుడు వచ్చే పీ ఫోర్ ఓ సిక్స్ అదే. పుష్కలంగా ఉంటే, ఒక్కో శనగకి బయటివైపు ఇంకో ఆక్సిజన్ అంటుకుంటుంది.

శ్రోత: ఆరూ నాలుగూ పది! నాలుగు శనగలూ కలిసే ఉంటాయన్నమాట.

లెక్చరర్: ఉంటాయి. చేతిలో పట్టుకుని చూస్తే ఇక మర్చిపోవు. ఇప్పుడు సమీకరణంతో సరిచూడు. ఒక పీ ఫోర్‌కి ఐదు ఓ టూ, అంటే 124 గ్రాములకి 160. నీ 1.24కి?

శ్రోత: 1.60. సరిపోయింది సార్.

లెక్చరర్: ఇంకొకటి ఇస్తాను, లైన్‌లోనే చెయ్యి. అదే 1.24 గ్రాముల ఫాస్ఫరస్‌తో 0.96 గ్రాముల ఆక్సిజనే కలిసింది. బాష్ప సాంద్రత 110.

శ్రోత: 0.96 బై 16... 0.06. నిష్పత్తి 2:3. పీ టూ ఓ త్రీ, భారం 110... ఉండండి సార్, మళ్లీ అదే అంకె! అణు భారం 220. పీ ఫోర్ ఓ సిక్స్!

లెక్చరర్: వెళ్లి శనగలు నానబెట్టుకో తల్లీ.

వ్యాఖ్యాత: ఆల్ ది బెస్ట్ అమ్మా. తర్వాతి శ్రోత, హలో...