దొంగ ఖాతా మీద నెపం

(అనంతపురంలో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

సామాజిక మాధ్యమాల్లో జాతిద్వేషం మాట ఎత్తగానే "అవన్నీ దొంగ ఖాతాలండీ" అనేస్తాం. 2021 జులైలో యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీలు గోల్ చేయలేకపోయిన ముగ్గురు నల్లజాతి ఇంగ్లండ్ ఆటగాళ్లను నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ టోర్నీ తిట్లకు శాశ్వతంగా మూసేసిన ఖాతాల్లో 99 శాతం ఎవరివో గుర్తించగలిగినవేనని ట్విట్టర్ తరువాత తేల్చింది. ముసుగు లేకుండానే తిట్టారన్నమాట.

ఎందుకు? హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాజీల మారణకాండలో కుటుంబాన్ని పోగొట్టుకున్న యూదుడు. బ్రిస్టల్ బడిపిల్లలపై ఆయన చేసిన ప్రయోగం 1970లో అచ్చయింది. ఇద్దరు చిత్రకారుల్లో ఎవరి బొమ్మలు నచ్చాయన్న సాకుతో పిల్లల్ని రెండు జట్లు చేశాడు. తన జట్టులో ఎవరున్నారో ఏ పిల్లవాడికీ తెలియదు. డబ్బు పంచమంటే చాలామంది ఎదుటి జట్టుకంటే తమది పైచేయి కావడమే చూసుకున్నారు, అందుకోసం తమ జట్టుకు వచ్చేది తగ్గినా సరే. అక్కడ పాత పగలు లేవు, రంగు తేడా లేదు. తరతరాల గీతలున్న మన దగ్గర వేరే చెప్పాలా?

ఎదుటివాడి ముఖం కనిపించకపోవడం వల్లే ఇదంతా అంటారు కొందరు. సగమే నిజం. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం వచ్చాక ఆ చుట్టుపక్కల కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. అక్కడ పనిచేసే కొరియా వాళ్లను "సార్" అనే పిలుస్తాం. ఇంచుమించు అలాంటి ముఖమే ఉన్న ఈశాన్య రాష్ట్రాల పిల్లలను 2020లో మన దేశపు నగరాల్లో నడివీధిలోనే "కరోనా" అని పిలిచారు. కొరియా ఆయన ఉద్యోగం ఇచ్చేవాడు, నాగా విద్యార్థి అద్దెకు గది అడిగేవాడు. పరిచయం ద్వేషాన్ని తగ్గించాలంటే ఇద్దరి హోదా సమానంగా ఉండాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు.

దీనికి తోడు మెప్పు. నీతి, ఆవేశం కలగలిసిన మాట ఒక్కొక్కటి చేరేకొద్దీ ట్వీటు వ్యాప్తి సుమారు 20 శాతం పెరిగిందని 2017లో ఒక అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. లైకులు పడుతుంటే చెయ్యి ఊరుకోదు.

మరి ఆపేదెవరు? అదే ఏడాది కెవిన్ మంగర్ పరిశోధన వెలువడింది. నల్లవారిని తిట్టే తెల్లవారిని ట్విట్టర్లో కృత్రిమ ఖాతాలతో మందలించి చూశాడాయన. తెల్లవాడిగా కనిపించే, అనుచరులు బాగా ఉన్న ఖాతా చెప్పినప్పుడే తిట్లు స్పష్టంగా తగ్గాయి. అంటే మన వాట్సాప్ గ్రూపుల్లో బయటివాడి ఖండన కంటే, అందరూ గౌరవించే పెదనాన్న "ఇదేం మాటరా" అంటేనే ఎక్కువ పని జరగవచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. గ్రూపు అడ్మిన్లు ఎవరైనా ఉంటే వాళ్లతోనే మొదలుపెడదాం.