పిల్లల ఐస్ హాకీకి అంత పెద్ద రింక్ ఎందుకు?

[తెర మీద: పై నుంచి తీసిన ఖాళీ ఐస్ రింక్. మధ్యలో ఒకే ఒక్క చిన్న పిల్లాడు.]

నమస్తే. ఈ దృశ్యాన్ని కాసేపు అలాగే చూడండి. రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. ఉత్తర అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆరడుగుల మనుషులు దూసుకెళ్లే మంచు ఇదే. మధ్యలో నిలబడ్డ పిల్లాడికి ఏడేళ్లు. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేసరికే వాడికి ఆయాసం వచ్చేస్తుంది.

హాకీ అనగానే చాలామందికి టర్ఫ్ గుర్తొస్తుంది కాబట్టి ముందే చెప్తున్నాను. ఈ వీడియో ఐస్ హాకీ గురించి. అందులోనూ కెనడా, అమెరికాల్లో పిల్లలు ఆడే ఆట, దాని మీద ఎన్‌హెచ్‌ఎల్ నీడ గురించి. ఏళ్ల తరబడి రెండూ చూస్తున్న అభిమానిగా నాకు గట్టిగా అనిపించేది ఒకటే: పెద్దల ఆటను యథాతథంగా తెచ్చి పిల్లల చేతిలో పెడితే అది పిల్లల ఆట అవదు.

[తెర మీద: పూర్తి రింక్‌లో చిన్నపిల్లల మ్యాచ్.]

ఒక శనివారం పొద్దున్నే రింక్‌లో కూర్చుని ఒక్క పిల్లాడినే గమనించాను. పూర్తి రింక్ మ్యాచ్. అందరికంటే బాగా స్కేట్ చేసే కుర్రాడు పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తీసుకుని బయల్దేరాడు, మిగతావాళ్లంతా వాడి వెనకాల పరుగు. వీళ్లు చేరుకునేలోపే పక్ ఇవతలి వైపుకి వచ్చేసింది, మళ్లీ పరుగు. నేను చూస్తున్న పిల్లాడు కాసేపటికి ఆగిపోయాడు. నీలి గీత దగ్గర నిలబడి స్టిక్‌తో మంచు గీకి చిన్న కుప్ప చేసుకుంటున్నాడు. మ్యాచ్ మొత్తంలో వాడి స్టిక్‌కి పక్ తగిలింది రెండే సార్లు. దాని కోసం పొద్దున్నే నిద్ర లేచి, అన్ని ప్యాడ్లు కట్టుకుని వచ్చాడు ఆ పిల్లాడు.

దీనికి మందు కనిపెట్టి చాలా కాలమైంది. రింక్‌ని అడ్డంగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక్కో చిన్న మ్యాచ్ పెట్టడం. క్రాస్ ఐస్ అంటారు. అమెరికాలో ఆటని నడిపే సంస్థ యూఎస్‌ఏ హాకీ 2009లో మొదలుపెట్టిన శిక్షణ విధానంలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇదే పద్ధతి. కెనడా సంస్థ హాకీ కెనడా 2017లో ఐదారేళ్ల పిల్లలకు ఇలా చిన్న మంచు మీద ఆడటాన్ని తప్పనిసరి చేసింది. పక్ కూడా మారుతుంది. మామూలు నల్ల పక్ దాదాపు 170 గ్రాములు. చిన్నపిల్లలకిచ్చే నీలి పక్ 113 గ్రాములే. చేతుల్లో బలం లేని వయసులో ఆ తేడా చిన్నది కాదు. బరువు తగ్గితే పిల్లాడు పక్‌ని నెట్టడం మానేసి మణికట్టుతో ఆడటం మొదలుపెడతాడు.

తల్లిదండ్రులు మాత్రం దీని మీద మండిపడ్డారు. "ఇది అసలు హాకీయేనా? ఆఫ్‌సైడ్ ఎప్పుడు నేర్చుకుంటారు?" అని. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, అంత ఖర్చు పెట్టి రింక్‌లో మూడో వంతా అనిపిస్తుంది. కానీ ఆఫ్‌సైడ్, అంటే పక్ కంటే ముందు ప్రత్యర్థి వైపు నీలి గీత దాటకూడదన్న రూల్, నేర్పడానికి ఒక పూట చాలు. మీదికొస్తున్న పిల్లాడిని తప్పించుకుంటూ, తల పైకెత్తి, స్కేట్ అంచు మీద ఒరిగి తిరగడం ఒక పూటలో రాదు. దానికి ఇరుకు కావాలి.

[తెర మీద: ఎన్‌హెచ్‌ఎల్ ఓవర్‌టైమ్. ముగ్గురికి ముగ్గురు.]

ఎన్‌హెచ్‌ఎల్ తన ఆట విషయంలో సరిగ్గా ఈ పనే చేసింది. 2015-16 సీజన్ నుంచి రెగ్యులర్ సీజన్ ఓవర్‌టైమ్‌ని, అంటే స్కోరు సమమైతే ఆడే అదనపు సమయాన్ని, గోలీలు కాక ముగ్గురికి ముగ్గురుగా మార్చింది. పెద్దవాళ్లకు రింక్ ఇరుకైంది కాబట్టి మనుషుల్ని తగ్గించారు. పిల్లలకు రింక్ మరీ విశాలం కాబట్టి మంచును తగ్గించారు. ఆడేవాళ్లని బట్టి చోటుని కొలవడం, అంతే. ఓవర్‌టైమ్ వస్తే కుర్చీ అంచున కూర్చుని చూసే వాళ్లే పిల్లల క్రాస్ ఐస్‌ని తక్కువ చేసి మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది.

[తెర మీద: బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడల) దగ్గర బాడీ చెక్. నెమ్మదిగా.]

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. బాడీ చెక్. పక్ ఉన్న ఆటగాడిని ఒంటితో గుద్ది ఆపడం. పెద్దల ఆటలో ఇది న్యాయమైన ఎత్తు, నాకు ఇష్టం కూడా. పిల్లలకు ఏ వయసులో మొదలుపెట్టాలన్నదే ప్రశ్న.

కెనడాలోనే రెండు ప్రావిన్సులు రెండు దారుల్లో వెళ్లడంతో జవాబు వెతకడం కుదిరింది. 11, 12 ఏళ్ల పిల్లలకు ఆల్బర్టాలో చెకింగ్ ఉండేది, క్యూబెక్‌లో లేదు. రెండు చోట్లా పిల్లల్ని గమనించిన కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆల్బర్టా పిల్లలకు మ్యాచ్‌లో గాయపడే ముప్పు మూడు రెట్లకు పైగా ఉంది. కంకషన్లదీ, అంటే తల అదిరి మెదడుకి తగిలే దెబ్బలదీ, అదే కథ. 2011లో యూఎస్‌ఏ హాకీ, 2013లో హాకీ కెనడా ఈ వయసు వాళ్లకు చెకింగ్ తీసేశాయి.

"ముందే నేర్చుకుంటే తర్వాత దెబ్బలు తగలవు కదా" అనే వాదన ఉంది. అదీ పరిశీలించారు. అవే రెండు ప్రావిన్సుల్లో 13, 14 ఏళ్ల పిల్లల్ని చూస్తే మొత్తం గాయాల్లోగానీ, కంకషన్లలోగానీ తేడా కనిపించలేదు. వారానికి మించి ఆటకి దూరం చేసే గాయాలు మాత్రం ముందే నేర్చుకున్నవాళ్లలో తక్కువున్నాయి. ఈ రెండో ముక్కని దాచిపెట్టడం నాకిష్టం లేదు. అందుకే నిషేధం ఒక్కటే చాలదంటాను. గుద్దడం నేర్పక్కర్లేదు, కానీ ఎదుటివాడిని బోర్డుల వైపు మళ్లించే కోణం, దెబ్బ వచ్చేటప్పుడు ఒళ్లు ఎలా పెట్టాలన్నది ఎనిమిదేళ్ల నుంచే నేర్పాలి. చాలామంది కోచ్‌లు ఇక్కడే బద్ధకిస్తారు.

పెద్దల ఆటా మారక తప్పలేదు. 2010 మార్చిలో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు మార్క్ సవార్డ్ తలకు చూడని వైపు నుంచి దెబ్బ తగిలితే పెనాల్టీ కూడా పడలేదు. అప్పటి రూల్ అది. ఆ తర్వాతే చూడని వైపు నుంచి తలని గురిపెట్టి కొట్టడాన్ని లీగ్ నిషేధించింది. మరుసటి జనవరిలో సిడ్నీ క్రాస్‌బీ కంకషన్‌తో ఆగిపోయి, తిరిగి మ్యాచ్ ఆడింది నవంబర్‌లో. ప్రపంచంలోనే మేటి ఆటగాడికి పది నెలలు పోయాయి. పన్నెండేళ్ల పిల్లాడికైతే ఆ పది నెలల్లో బడి ఏమవుతుంది?

[తెర మీద: ఒకే జట్టు జెర్సీల్లో ఇద్దరు పిల్లలు. ఒకరు తల ఎత్తు పొడుగు.]

పుట్టిన నెల గురించి ఒక మాట. పిల్లల హాకీలో ఏ వయసు జట్టులో ఆడాలన్న లెక్క జనవరి 1 నుంచి. 1980లలో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్స్‌లీ భార్యతో కలిసి జూనియర్ మ్యాచ్‌కి వెళ్లారు. ఆటగాళ్ల వివరాలున్న కాగితం చదువుతూ ఆవిడ గమనించారు, పుట్టినరోజులన్నీ ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి, మార్చిలోనే ఉన్నాయని. ఎనిమిదేళ్ల వయసులో జనవరి పిల్లాడు డిసెంబర్ పిల్లాడికంటే దాదాపు ఏడాది పెద్ద. పొడుగు, బలం చూసి "వీడిలో టాలెంట్ ఉంది" అని పై స్థాయి జట్టుకి తీసుకుంటారు. మంచి కోచ్, ఎక్కువ ఐస్ టైమ్ వాడికే. ఆ వయసులో ట్రైఔట్స్ (ఎంపిక పోటీలు) పెట్టి జట్ల జాబితా గోడకి అంటించడం నాకు సుతరామూ నచ్చదు.

[తెర మీద: డ్రెస్సింగ్ రూమ్. ఒక పాప మెడ చుట్టూ నెక్ గార్డ్ పెట్టుకుంటోంది.]

పిల్లల నుంచి పెద్దలు నేర్చుకోవాల్సింది ఇక్కడుంది. కెనడా పిల్లల హాకీలో నెక్ గార్డ్ ఎప్పటి నుంచో తప్పనిసరి. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో మ్యాచ్ ఆడుతూ ఒకప్పటి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు ఆడమ్ జాన్సన్ మెడకు స్కేట్ బ్లేడ్ తగిలి చనిపోయాడు. అతనికి 29 ఏళ్లు. ఆ తర్వాత, 2024 ఆగస్టు నుంచి అమెరికా పిల్లలకూ తప్పనిసరి చేశారు. ఎన్‌హెచ్‌ఎల్ మాత్రం 2026-27 సీజన్ నుంచి, అదీ కొత్తగా లీగ్‌లో అడుగుపెట్టేవాళ్లకే అని ఒప్పందం చేసుకుంది.

ఈ "కొత్తవాళ్లకే" అన్న మాట హాకీలో ముందే విన్నాం. హెల్మెట్‌ని 1979లో ఇలాగే కొత్తవాళ్లకు తప్పనిసరి చేశారు. హెల్మెట్ లేకుండా ఆడిన చివరి ఆటగాడు క్రెయిగ్ మెక్‌టావిష్ రిటైరైంది 1997లో. 18 ఏళ్లు పట్టింది. మెడ విషయంలో అన్నేళ్లు ఆగనక్కర్లేదు, రేపటి మ్యాచ్‌కే అందరూ పెట్టుకోవచ్చు.

[తెర మీద: పాప వెల్‌క్రో పట్టీ అతికించి, వేలితో ఒకసారి బిగువు చూసుకుని, స్టిక్ తీసుకుని మంచు మీదికి వెళ్తుంది.]